మూడో గాదె తలుపు అడిగిన రెండు ప్రశ్నలు

రోజు 201

మా కుందన ప్రతిపాదనను మాటకూటమి చదవడానికి తీసుకుంది. ముందు ఆ ఒక్క ముక్క రాసేశాను. మిగతాది నిదానంగా రాస్తాను.

ఇది మూడో గాదె తలుపు పుస్తకం. ఇందులో తలుపు సంగతులు తప్ప వేరేవి రాయకూడదని నియమం. సరే, అవీ రాస్తాను. ఎనిమిదో గడియకు తలుపు తెరిచాను. పదకొండు మంది లోపలికి, పదకొండు మంది బయటికి. జొన్నల రెండో అరలో పురుగు కనిపిస్తే జల్లెడ పట్టించాను. తలుపు సంగతులు అయిపోయాయి. ఇక మా అమ్మాయి సంగతి.

ఈ ఎర్రమట్టి నేల మీది మా వసతిలో తలుపులు, పంపులు, దీపాలు, బండ్లు అన్నీ వినేది పనిబాస ఒక్కటే. బడిలో అందరూ నేర్చుకుంటాం. మొత్తం ఐదు మెట్లు. నేను మూడో మెట్టు దగ్గర ఆగిపోయాను, కుందన ఐదూ ఎక్కి పెద్దబురుజులో ఆ భాషను చూసుకునే కొలువులో చేరింది. వసతి కట్టిన ఎనభై ఎనిమిదేళ్ళలో మాటకూటమి ఒప్పుకుని ఆ భాషలో కొత్తగా చేర్చినవి తొమ్మిదంటే తొమ్మిది మాటలు. పదోది మా ఇంటి నుంచి వెళ్ళబోతోంది. రాస్తుంటేనే ఒళ్ళు పొంగుతోంది నాకు.

ఇక్కడి నుంచి ఇక్కడిదాకా అని చెప్పేదాన్ని పనిబాసలో మేర అంటారు. పదో గడియ నుంచి ఇరవయ్యో గడియదాకా అంటే అదొక మేర. ఇప్పటిదాకా మేరను ఒకే ప్రశ్న అడగగలం: ఫలానా గడియ నీలో ఉందా అని. కుందన ఏమంటుందంటే, రెండు మేరల్ని ఎదురెదురుగా పెట్టి, మీరిద్దరూ ఎక్కడైనా తగులుతారా అని ఒక్క మాటలో అడిగే వీలుండాలి. ఆ మాట పేరు 'తగులుతుందా'.

"ఆర్నెల్లు మా కొలువులో పేరు మీదే కొట్టుకున్నారు నాన్నా," అంది పెద్దబురుజు నుంచి తీగ మీద. "ఒకాయన 'కలుస్తుందా' అంటాడు, ఇంకొకావిడ 'మీద పడుతుందా' అంటుంది. మీద పడటమేంటి, ఇవేమన్నా మేకపోతులా అన్నాను."

రెండో గాదె కాపరి చిట్టెన్నకు పరుగెత్తుకెళ్ళి చెప్పాను. "ఒరే పోలినాయుడూ, నీ కూతురికి ఆ తెలివి నీ వైపు నుంచి మాత్రం రాలేదురా," అన్నాడు. నవ్వాను. ఈరోజు నన్ను ఎవరేమన్నా నవ్వుతాను.

మా ఆవిడ పార్వతాలుకు చెప్పాను. "మంచిది," అంది. మూడేళ్ళుగా ఆమె నాతో మాట్లాడిన మాటల్లో అది పెద్దదే.

రోజు 204

చచ్చుగాలి రోజు. మూడేళ్ళుగా గాలి రోజున వేస్తున్నట్టే తలుపుకు ఇనప గొలుసు వేశాను. ఎవరికీ పని లేదు, నాకు తప్ప.

గింజల్లో పురుగు చావడానికి గాదెలోకి ప్రాణం లేని గాలిని వదులుతాం. దానికి వాసన లేదు, రంగు లేదు, వేడీ చల్లనా తెలియదు. రెండుసార్లు ఊపిరి తీస్తే మనిషి కూలిపోతాడు, తాను కూలిపోతున్నట్టు కూడా తెలియదు. పైన తొట్టి దగ్గర వాళ్ళు వదులుతారు, కింద వాళ్ళకు తెలిసేది తలుపు చెబితేనే. పచ్చదీపం వెలిగితే వెళ్ళొచ్చు. ఎర్రదైతే తలుపు తెరుచుకోదు.

మా పెద్దవాడు సింహాద్రి ఈ తలుపు లోపలే పోయాడు. మూడేళ్ళవుతుంది. గింజల మచ్చు తీసుకురావడానికి ముప్ఫయ్యో గడియకు వెళ్ళాడు. మూడు గడియల పని. నేను ఆరోజు మా చెల్లెలి కూతురి పెళ్ళిలో ఉన్నాను. లోపల గాలి ఉంది.

విచారణ జరిగింది. కుర్రవాళ్ళకు ఒక చెడ్డ అలవాటుంది, తలుపు ఒప్పుకునేదాకా ఆగలేక గడియనాలుక కింద రేకుముక్క దూర్చి తెరుస్తుంటారు. తలుపు దగ్గర వాడి మచ్చుచెంచా పడి ఉంది. దానితోనే తెరిచి ఉంటాడన్నారు. తలుపు కాపరిగా నన్ను అడిగారు, నీ తలుపు ఎప్పుడైనా తప్పు చెప్పిందా అని. ఆ తలుపుకు మనుషుల మేర, గాలి మేర చూసి తెరుచుకోవడం నేర్పింది నేనే. పద్దెనిమిదేళ్ళు ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు. దానికి నాకు శాలువా కూడా కప్పారు. నా తలుపు తప్పు చెప్పదు అన్నాను.

పనిలో పోయినవాళ్ళ పేర్లు రోజూ పొద్దున గింజలు కొలిచే ముందు పిలుస్తారు. ఆ ఇంటివాళ్ళు "మా మనిషే" అంటారు. సింహాద్రి సొంత తప్పుతో పోయాడని తేల్చారు కాబట్టి వాడి పేరు పిలవరు. పార్వతాలు కొలతకు వెళ్ళడం మానేసింది. విచారణ అయిన రోజు ఇంటికొచ్చాక ఒకే మాట అంది. "ఏమయ్యా, తలుపు పక్కన నిలబడ్డావు. నా కొడుకు పక్కన నిలబడలేదు."

సంతోషంగా ఉన్నప్పుడు ఇవన్నీ ఎందుకు రాస్తున్నానో తెలియదు. గాలి రోజు కదా, గొలుసుకు కాపలా కూర్చోవడం తప్ప పనేమీ లేదు.

రోజు 209

కుందన వచ్చింది. రెండు రోజులుంటుంది. సన్నబడింది. పార్వతాలు పొద్దుటి నుంచి వంటింట్లోంచి బయటికి రాలేదు, అంత వండుతోంది.

ప్రతిపాదనకు చివర 'గాయం' అని ఒక భాగం ఉంటుంది. ఆ మాట లేకపోవడం వల్ల ఎవరికి దెబ్బ తగిలిందో వాళ్ళే కూటమిలో లేచి తమ నోటితో చెప్పాలి. తెలివి చూపించుకోవడానికి మాటలు చేర్చుకుంటూ పోతే భాష పెరిగి పిల్లలు మోయలేరని మొదటి తరం వాళ్ళు పెట్టిన కట్టడి. కుందన చూపించిన గాయం ఒక నారుమడిది. రెండు తూముల నీళ్ళు ఒకేసారి పడి మడి మునిగింది. కూటమి వాళ్ళకు అది ఆనలేదు, చిన్న దెబ్బే అన్నారు.

"అందుకని నీ తలుపుకు నువ్వు పనిబాసలో రాసిన వరస కావాలి నాన్నా. పద్దెనిమిదేళ్ళు తప్పు చెప్పని తలుపు అని దాన్ని కూడా పెడతాను. మాట లేకపోయినా మా నాన్న ఎంత కష్టపడి సరిగ్గా రాశాడో చూడండి అంటాను. కనీసం సిగ్గుపడైనా ఒప్పుకుంటారు."

పుస్తకం తీసి చూపించాను. నా చేతిరాత, రెండే వరసలు. గాలి మొదలు మనిషి మేరలో ఉందా? గాలి ముగింపు మనిషి మేరలో ఉందా? రెండింటిలో ఏ ఒక్కదానికి ఉంది అని వచ్చినా తలుపు తెరవకు.

కుందన చదివింది. మళ్ళీ చదివింది. మూడోసారి వేలు పెట్టి చదివింది.

"బాగుందా తల్లీ?"

వంటింట్లోకి వెళ్ళి గరిటె, చెంచా తెచ్చింది. గరిటెను బల్ల మీద అడ్డంగా పెట్టింది. "ఇది గాలి. ఈ కొస మొదలు, ఆ కొస ముగింపు." చెంచాను దాని పక్కనే, నడిమికి వచ్చేలా పెట్టింది. "ఇది లోపలికెళ్ళిన మనిషి. ఇప్పుడు నీ తలుపు అడిగే మొదటి ప్రశ్న అడుగు."

"గరిటె ఈ కొస చెంచా పొడుగులో ఎక్కడైనా పడిందా? పడలేదు."

"రెండోది."

"ఆ కొస పడిందా? అదీ పడలేదు."

"రెండూ లేదంటే?"

"పచ్చదీపం," అన్నాను.

అని ఆగిపోయాను. చెంచా ఈ చివరి నుంచి ఆ చివరిదాకా గరిటె పొడుగులోనే ఉంది. అంగుళం కూడా బయట లేదు.

"పాతరోజుల్లో గాలి రెండు గడియలే వదిలేవాళ్ళు కదా," అంది కుందన నా వైపు చూడకుండా. "మనుషులు ఇరవై గడియలు పనిచేసేవాళ్ళు. గాలి ఎప్పుడూ చెంచా, మనిషి గరిటె. అప్పుడు నీ రెండు ప్రశ్నలు చాలు. ఆ ఏడాది పురుగు గుడ్లు కూడా చావాలని మన గాదెలో గాలి పొడుగు చేశారు. అన్నయ్య వెళ్ళినరోజు గాలి ఇరవై నుంచి నలభై అయిదు. అన్నయ్య ముప్ఫై నుంచి ముప్ఫై మూడు."

ఇరవై అనేది ముప్ఫైకీ ముప్ఫై మూడుకీ మధ్య లేదు. నలభై అయిదూ లేదు.

పార్వతాలు వచ్చింది. "నా గరిటెతో ఏంటి మీ తండ్రీకూతుళ్ళ ఆటలు, పప్పు అడుగంటుతోంది," అని గరిటె తీసుకుని వెళ్ళిపోయింది.

భోజనానికి కూర్చున్నాం. పప్పు బాగుందని చెప్పాను. నిజంగానే బాగుంది.

రోజు 210

తలుపు తెరవలేదు. ఒంట్లో బాగాలేదని కబురు పెట్టాను. వేళ్ళ మీద లెక్క చూసి తెరవగల చిట్టెన్న నా బదులు వచ్చి కూర్చున్నాడు.

కుందన పొద్దున్నే అన్ని గాదెలకూ కబురు పంపింది, తలుపును నమ్మకుండా మనిషి చూసి తెరవండి అని. పంపే ముందు ఇంకా ఎన్ని తలుపుల్లో నా వరస ఉందో వెతికింది. నలభై ఒకటి. శాలువా కప్పిన తర్వాత వచ్చినవాళ్ళందరికీ నేనే రాసిచ్చాను. అడగనివాళ్ళకు కూడా ఇచ్చాను, ఆవకాయ పంచినట్టు. వచ్చే కోత నుంచి ఆ గాదెల్లోనూ పొడుగు గాలి మొదలవుతుంది.

"నేను నారుమడితోనే వెళ్తాను," అంది కుందన. "ఈ సంగతి వేరేగా సరిచేయిస్తాను. నీ పేరు రాకుండా."

"నారుమడి ఆనలేదన్నావు కదమ్మా."

"ఆనకపోతే పోతుంది. మాట వచ్చే ఏడు అడగొచ్చు."

"ఆ ఏడాదిలో నలభై ఒక్క మంది కాపరులూ ఏం చేస్తారు? ఎవరికి వాళ్ళు కూర్చుని నాలాగే సరిచేసుకుంటారు. నాకున్నంత తెలివే వాళ్ళకూ ఉంది."

ఆ సంగతి కుందనకూ తెలుసు.

"మరి మీ అన్నయ్య?" అన్నాను. "వాడు చెంచాతో తలుపు తెరవలేదు. తలుపే తెరుచుకుంది. పచ్చదీపం చూసి, మా నాన్న రాసిన తలుపు కదా అని వెళ్ళాడు. ఈ సంగతి ఎవరు చెప్తారు?"

"గాయం తగిలినవాళ్ళే చెప్పాలి నాన్నా. నీ నోటితో. అందరి ముందు." తనే మళ్ళీ, "అమ్మకు ముందు చెప్తావా?" అంది.

లేదన్నాను. పెద్దబురుజులో నా నోరు పెగలకపోతే ఏం చెయ్యాలి? సగం నిజం తెచ్చి ఆమె ముందు పెట్టలేను. కూతురి ముచ్చట చూడటానికి వెళ్తున్నానని చెప్పాను. పార్వతాలు నా మంచి చొక్కా తీసి ఇచ్చింది. గుండీ ఊడితే కుట్టి ఇచ్చింది.

రోజు 213

బండిలో మూడో రోజు. కిటికీ బయట ఎర్రమట్టి తప్ప ఏమీ లేదు. ఊపిరితొడుగుల్లో గాలి కొత్తగా నింపారు. పక్కన కూర్చున్నాయన ఎక్కడికని అడిగాడు. మా అమ్మాయి పనిబాసకు కొత్త మాట పెడుతోందని చెప్పాను. ఆయన ఎంతో సంతోషించి బెల్లం ముక్క ఇచ్చాడు. నాక్కూడా సంతోషమే వేసింది, అది అబద్ధం కాదు. ఒక్కరోజులో మనిషికి ఇన్ని రకాలుగా ఎలా ఉంటుందో అర్థం కాదు.

కుందన నిద్రపోతూ నా భుజం మీద తల పెట్టింది. చిన్నప్పుడు సింహాద్రి ఇటువైపు, ఇది అటువైపు పడుకునేవాళ్ళు. వాడికి పనిబాస నేర్పింది నేనే. మేర అంటే ఏంటి నాన్నా అంటే, మన గుమ్మం నుంచి గాదె గుమ్మందాకా ఒక మేర అని చెప్పాను. అంత వరకే ఉంటుందా అన్నాడు. అంత వరకే అన్నాను.

రోజు 216

కూటమిలో ముప్ఫై ఏడుగురు. గుండ్రంగా కూర్చుంటారు. నన్ను కుందన వెనక బల్ల మీద కూర్చోబెట్టారు.

కుందన చక్కగా చదివింది. ఒక్కచోట కూడా తడబడలేదు. నా పిల్ల అని పక్కవాళ్ళకు చెప్పబోయి ఊరుకున్నాను.

వేదవతి గారని పెద్దావిడ, ఈ కూటమిలో అందరికంటే పాతవారు, చెయ్యెత్తారు. "అమ్మాయీ, ఇది రెండు పోలికల పని. దీని మొదలు దాని ముగింపుకు ముందా, దాని మొదలు దీని ముగింపుకు ముందా. రెండింటికీ అవునంటే తగిలినట్టు. మూడో మెట్టు చదివినవాడు ఎవడైనా రాస్తాడు. దీనికో మాటెందుకు? రేపు ఇంకొకరొచ్చి కూడికకు నాలుగు మాటలు కావాలంటారు."

చాలామంది తలలూపారు. కుందన నోరు తెరిచేలోపు నేను లేచాను. లేవాలని అనుకోలేదు, మోకాళ్ళే లేచాయి.

"నేను మూడో మెట్టే చదివానమ్మా," అన్నాను. "రాశాను. తప్పు రాశాను."

"మీరెవరు?"

"మూడో గాదె తలుపు కాపరిని. పోలినాయుడంటారు."

నా రెండు వరసలూ నోటికి చెప్పాను. వేదవతి గారు వింటూ వేళ్ళతో గాలిలో రెండు గీతలు గీసుకున్నారు, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. గీసుకోగానే ఆవిడ చెయ్యి ఆగిపోయింది.

"ఈ వరస వల్ల గాయం ఎవరికి?"

"మా అబ్బాయికి. సింహాద్రికి. ఇరవై ఎనిమిదేళ్ళు. చెంచాతో తలుపు తెరిచాడని రాసుకున్నారు మీ దగ్గర. అది తప్పు. చెంచా వాడి చేతిలోంచి జారిపడింది, అంతే."

"తలుపు తప్పు చెప్పదని విచారణలో ఎవరో సాక్ష్యం చెప్పినట్టుందే." ఆవిడ కాగితాలు తిరగేశారు.

"నేనే చెప్పాను."

నాకు ఇంకా చెప్పాలనిపించింది. "అమ్మా, నేను తెలివితక్కువవాడినే, ఒప్పుకుంటాను. కానీ తెలివితక్కువగా రాయలేదు. ఎంతో ఆలోచించి, పుల్లలు పేర్చుకుని రాశాను. మొదలు చూడాలి, ముగింపు చూడాలి అనుకున్నాను. ఎవరికైనా అలాగే తోస్తుంది. నలభై ఒక్క మంది తీసుకున్నారు, ఒక్కడికైనా అనుమానం రాలేదు. మీ పోలికలు సరైనవే. అవి మీ తలలో ఉన్నాయి. మా తలుపుల్లో లేవు. ఒక్క మాట ఉంటే మేం ఆ ఒక్క మాట రాసి ఊరుకునేవాళ్ళం."

కూర్చున్నాను. కుందన వెనక్కి చెయ్యి చాపి నా చెయ్యి పట్టుకుంది.

ఆ తర్వాత సగంరోజు ఒక చిన్న విషయం మీద వాదించుకున్నారు. గాలి ముప్ఫయ్యో గడియకు ఆగి, మనిషి ముప్ఫయ్యో గడియకే లోపలికి వెళ్తే రెండూ తగిలినట్టా కాదా అని. ఒకాయన కాదన్నాడు, నీళ్ళ తూములకు అలాగే సరిపోతుందట. ఇంకొకాయన తూముకు ఊపిరితిత్తులుంటాయా అన్నాడు. కుందన నెమ్మదిగా చెప్పింది, ముగింపు గడియను కలుపుకున్న మేర అయితే తగిలినట్టు, కలుపుకోకపోతే కాదు, మేర రాసేటప్పుడే ఆ తేడా చెప్పాలి, మాట దాన్ని గౌరవిస్తుంది అని. నాకు సగమే అర్థమైంది. కానీ ఒక్క గడియ కోసం వాళ్ళు అంత పట్టుదలగా కొట్లాడుతుంటే చూడటానికి బాగుంది. ఆ ఒక్క గడియలో కూడా మనిషి ఉంటాడని వాళ్ళకు ఇప్పుడు తెలుసు.

రోజు 217

ఒప్పుకున్నారు. ముప్ఫై ఏడు మందిలో ఇరవై తొమ్మిది మంది లేచి నిలబడ్డారు. పనిబాసకు పదో మాట 'తగులుతుందా'. పెట్టింది మా కుందన.

వేదవతి గారు లేవలేదు. భోజనాల దగ్గర మాత్రం కంచం పట్టుకొచ్చి నా పక్కన కూర్చున్నారు. "నాకు ఇప్పటికీ ఆ మాట అక్కర్లేదనే ఉందండీ," అన్నారు. "మీ అబ్బాయి విషయం వేరు. తీర్పు మార్చమని కాగితం నేనే రాసి పంపాను. మీరు ఇల్లు చేరిన మర్నాడు పొద్దున కొలత దగ్గర పేరు పిలుస్తారు."

నేను అన్నం కలుపుతూనే ఉన్నాను, చాలాసేపు. ఆవిడే నీళ్ళు అందించారు.

కుందన చుట్టూ పిల్లలు చేరారు. దాన్ని అలా చూస్తుంటే నవ్వు ఆగడం లేదు. సింహాద్రి ఉంటే దాన్ని ఎత్తుకుని తిప్పేవాడు, వద్దు వద్దని అది కొట్టేది. నవ్వుతూనే ఉన్నాను. ఎవరో వచ్చి కళ్ళు తుడుచుకోండి తాతా అని గుడ్డ ఇచ్చారు.

బండి రేపు. ఈలోగా తీగ మీద చెప్పవలసినవాళ్ళు, ఇంటికెళ్ళి చెప్పవలసినవాళ్ళు. మర్చిపోకుండా రాసుకుంటున్నాను.

సింహాద్రి భార్య, మా కోడలు హైమకు. ఆ పొద్దున కొలతకు తప్పకుండా వెళ్ళమని. పేరు పిలవగానే గట్టిగా పలకమని. వరస రాసింది మామయ్యేనని కూడా నేనే చెప్పాలి, ఆ పిల్ల వేరేవాళ్ళ నోట వినకూడదు.

వియ్యంకుడు గవరయ్య గారికి. అల్లుడు తొందరపాటు మనిషని మూడేళ్ళుగా మా గుమ్మం తొక్కలేదు. తొక్కనక్కర్లేదు, సంగతి తెలిస్తే చాలు.

చెల్లెలు అప్పలనరసమ్మకు. తన కూతురి పెళ్ళికి నన్ను పిలవడం వల్లే ఇలా జరిగిందని ఇప్పటికీ ఏడుస్తుంది. నేను ఆరోజు తలుపు దగ్గరే ఉన్నా పచ్చదీపం చూసి నేనే వాణ్ణి లోపలికి పంపేవాణ్ణని చెప్పాలి.

బావ దాలినాయుడికి. గట్టిగా చెప్పాలి, చెవులు వినపడవు. విచారణలో కూర్చున్న ముగ్గురిలో తనూ ఒకడు. ఆయన తప్పేమీ లేదు, నా మాట నమ్మాడు.

మనవరాలు మిన్నుకు. ఆరేళ్ళు. నాన్న ఏ తప్పూ చెయ్యలేదు అని చెప్పాలి. మరి ఎవరు చేశారు తాతా అంటుంది. అది ఏదీ వదలదు.

పార్వతాలుకు. తీగ మీద కాదు. ఇంటికెళ్ళి, ఎదురుగా కూర్చుని. తలుపు పక్కన నిలబడ్డానని నువ్వు అన్నదే నిజమని. ముందు ఆ ఒక్క ముక్క. మిగతాది ఆమె అడిగితే. అడగకపోయినా.